శబ్దం తీసేసిన పేరు

కిందటి వారం మనం హారతిని చేతిలో ఫోనుతో గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆరు నెలలుగా ఎదురుచూస్తున్న సినిమా ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆమె ఫోనుకు వచ్చి చేరింది. సినిమా అంటే పాటలూ ఫైటింగులూ ఉండేది కాదు. దేశదేశాలు తిరిగి, పెద్దమనుషులు మూతపెట్టి దాచిన సంగతులను తవ్వి తీసే ఒక విదేశీ టీవీ ఛానల్ వాళ్ల డాక్యుమెంటరీ. ఈసారి వాళ్లు తవ్వింది సూరత్‌లో, ఖటోదరాలో.

ఏం తవ్వారో మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. 2020 ఏప్రిల్‌లో దేశమంతా తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు, ఒక సేఠ్ తన సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో పదకొండు మంది తెలంగాణ మగ్గం మనుషులను లోపల పెట్టి, బయట షట్టర్‌కు తాళం వేయించి, దొంగచాటుగా గుడ్డ నేయించాడు. లోపల నర్సింగానికి జ్వరం తగిలింది. ఊపిరాడలేదు. మిగిలిన పదిమంది రెండు రోజులు షట్టర్ బాదారు, తమను పనిలో పెట్టి పనిచేయించే ముకద్దం రాజలింగానికి ఫోన్లు చేశారు. ఎవరూ తీయలేదు. మూడో రోజు పొద్దున తాళం తెరుచుకునేసరికి నర్సింగం లేడు. కరోనాతో పోయాడని కాగితం రాసి, భార్య గంగవ్వకు మొహమైనా చూపించకుండా కాల్చేశారు.

సేఠ్ ఏమంటాడంటే, అసలు తాళమే వేయలేదంటాడు. వాళ్లంతట వాళ్లే లోపల ఉండి పనిచేసుకున్నారట! తాళం ఉండేదని రుజువు కావాలంటే తాళం తీసిన మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో లోపలున్న పదిమందికి తెలుసు, హారతికి తెలుసు. నర్సింగం పీనుగు మీద చెయ్యివేసి ఆ పదిమందీ ఆ పేరు నోట రానివ్వమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ పేరు విజయరాణి. ముకద్దం రాజలింగం పెళ్లాం. మొగుడు నిద్రపోతుండగా తాళంచెవి తీసుకుపోయి షట్టర్ ఎత్తింది ఆమే. పదిహేడు నెలలుగా రాజలింగానికి ఆ సంగతి తెలియనివ్వలేదు.

ఇంతవరకూ కథ. ఇక ఈ మధ్యాహ్నం.

హారతి తండ్రి పరమేశ్వర్ మంచం మీద కూర్చుని, "నాక్గూడ సూపెట్టు బిడ్డా" అని అరిచాడు. అరవడం ఆయన కోపం కాదు. ముప్పై ఒక్క ఏళ్లు సాంచాల మధ్య నిలబడి ఆయన చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు కాబట్టి, ఉప్పు అడిగినా నాలుగిళ్లకు వినపడేలా అడుగుతాడు. తల్లి భాగీరథి ఆల్థాన్‌లో ఫ్లాట్లకు వంట చేయడానికి పోయింది, చీకటిపడితేగాని రాదు. హారతి ఫోనును స్టీలు చెంబుకు ఆనించి తండ్రి పక్కన కూర్చుంది.

ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో తెలుగు, బజారులో గుజరాతీ, కాలేజీలో హిందీ. ఈ మూడు భాషలూ గడగడా వచ్చినందుకే ఛానల్ వాళ్లు ఆమెను పనిలో పెట్టుకున్నారు. ఎవరిని కలవాలో, ఏ గల్లీలో కెమెరా దింపాలో, ఎవరి మాటకు అర్థమేమిటో అన్నీ ఆమే. సినిమా చివర తన పేరు వస్తుందని రాత్రంతా నిద్రపోలేదు. ఆ వయసులో ఆ మాత్రం ఆశ ఉండదా?

సినిమా నడిచింది. మూసిన షట్టర్, ఖాళీ గల్లీ, గంగవ్వ చేతిలో నర్సింగం ఆధార్ కార్డు. తర్వాత రాములు వచ్చాడు. లోపలున్న పదిమందిలో ఒకడు. సూరత్ వదిలి ఊరికి పోయే ముందురోజు, ఆల్థాన్‌లో ఛానల్ వాళ్లు అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో కూర్చుని మాట్లాడాడు. "నా మొకం సూపెట్టుండ్రి, నాకేం భయంలేదు, నేనింక ఈ ఊరికి రాను" అన్నది ఆయనే. మొహం కనబడాలి కాబట్టి, "మాస్క్ తీయి పెద్దనాయనా" అని తీయించింది హారతే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడుపు తన్నుకొచ్చి రాములు ఒట్టు మరిచిపోయాడు. పేరు అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుని, ఆ ఒక్క మాట తీసేయమని హారతి చేతులు పట్టుకున్నాడు. హారతి మాట ఇచ్చింది. మరునాడు విజయరాణి దగ్గరికి కూడా పోయి, "నీ పేరు ఎవ్వలకూ తెల్వదు చిన్నమ్మా" అని చెప్పి వచ్చింది.

ఛానల్ వాళ్లు కూడా మాట నిలబెట్టుకున్నారు. సరిగ్గా ఆ చోట శబ్దం తీసేశారు. రాములు గొంతు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలైంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ చోట చుక్కలు. హారతి గుండె కుదుటపడింది. ఇచ్చిన మాట నిలబడిందని తృప్తిగా తండ్రివైపు చూసింది.

పరమేశ్వర్ కళ్లు పెద్దవి చేసుకుని ఉన్నాడు.

"విజయరాణినా? మన రాజలింగం ఇంటామెనా తాళం తీసింది?"

నాలుగిళ్లకు వినపడే గొంతుతో అన్నాడు. హారతి ఎగిరి తండ్రి నోరు మూసింది. తర్వాత మొహం ఆయన మొహానికి ఎదురుగా పెట్టి, రోజూ మాట్లాడినట్టే పెదాలు విడమర్చి అడిగింది.

"నీకెట్ల తెలిసింది బాపూ?"

"ఎట్లేంది? రాములు చెప్తనే ఉన్నడు గదనే!" ఈసారి ఆయన గొంతు తగ్గించే ప్రయత్నం చేశాడు. "‘పోలీసోళ్లు గాదు, సేఠ్ గాదు, విజయరాణి వచ్చి తీసింది’ అంటున్నడు. మల్ల తిప్పి సూడు."

తిప్పి చూసింది. శబ్దం లేదు. రాములు పెదాలు మాత్రం ఏడుపులోనూ స్పష్టంగా, ఒక్కొక్క అక్షరాన్నీ కదిలించాయి. ఆ చోట శబ్దం పోయిందని పరమేశ్వర్‌కు తెలియనే తెలియదు. ఆయనకు సినిమా మొదటినుంచి చివరిదాకా ఒకటే.

హారతిని ఇక్కడ తిట్టాలో జాలిపడాలో నాకు తోచదు. పుట్టినప్పటినుంచీ ఈ తండ్రితో పెదాలతోనే మాట్లాడిన పిల్ల. అమ్మ మీద చాడీ చెప్పాలన్నా, స్కూలు ఫీజు అడగాలన్నా, బువ్వకు పిలవాలన్నా ఆయన ఎదుటికి పోయి నోరు కదిలించింది. అయినా ఆ బుర్రకు ఇది తట్టలేదు. తన తండ్రి చెవిటివాడు కాబట్టి పెదాలు చదువుతాడనుకుంది. సాంచాలు నడిపే ప్రతి మనిషీ చదువుతాడన్నది, సాక్ష్యం ఇంట్లోనే పెట్టుకుని మరిచిపోయింది. నలభై, యాభై సాంచాలు ఒక్కసారి దడదడలాడే చోట మాటలు చెవికెక్కుతాయా? దారం తెగిందన్నా, కండె అయిపోయిందన్నా, బీడీ ఉందా అన్నా, ఈ చివర పెదాలు కదిలితే ఆ చివర చదువుకుంటారు. కరోనాలో మాస్కు పెట్టుకోండని ఎవరెంత మొత్తుకున్నా కార్ఖానాల్లో ఎవరూ ముక్కు మూసుకోకపోవడానికి కారణం పొగరు కాదు. మూతి మూసుకుంటే వాళ్లు మూగవాళ్లైపోతారు.

సాయంత్రం ఆరింటికి ఇదే సినిమా యూట్యూబ్‌లో హిందీ అక్షరాలతో వస్తుంది. ఖటోదరాలో ఆ కార్ఖానా గురించి తెలిసిన ప్రతి ఇంట్లో చూస్తారు. ముకద్దం రాజలింగం చూడడా? అతనికన్నా బాగా చదివేవాడు ఆ గల్లీలో లేడు. చెయ్యి తిరిగిన సాంచా మనిషి, ముప్పై ఏళ్లుగా మనుషులను పెదాలతోనే అదిలించి పని చేయించినవాడు.

హారతి శివకృష్ణకు ఫోన్ చేసింది. శివకృష్ణ హైదరాబాద్ మనిషి, ఢిల్లీలో ఉండి ఆ ఛానల్‌కు ఈ దేశంలో పనులన్నీ చూస్తాడు. మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కేమిటంటే వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

"పేరు తీసేశాం కదా హారతి. నేనే దగ్గరుండి చూశాను. శబ్దమే లేదు."

"శబ్దం లేకుంటే ఏమైతది సర్, పెదాలున్నయ్! మా బాపు చదివిండు. ఒక్క అక్షరం తప్పకుండ చదివిండు."

"ఎంతమంది చదవగలరు?" అని మెల్లగా అడిగాడు.

"సాంచా నడిపినోళ్లందరూ, సర్."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ. సూరత్‌ల ఎన్ని సాంచాలున్నయో మీ సినిమాలనే చెప్పిన్రు గద!"

ఆ మొహం మసకగా చేసి కొత్త కాపీ పెట్టమని ఆమె బతిమాలింది. శివకృష్ణ చెప్పిన జవాబు వింటే రాయి కూడా నీరుగారుతుంది. విదేశాల్లో సినిమా ఇప్పటికే వచ్చేసింది. ఇక్కడి కాపీ మార్చాలంటే మంగళవారం దాకా కుదరదు. ఆపడం మాత్రం ఆపించగలడు. కానీ సేఠ్ తరఫు లాయరు నోటీసు ముందే వచ్చి ఉంది. ఛానల్ లాయర్లు ఎప్పుడు ఏ వంక దొరుకుతుందా అని చూస్తున్నారు. ఒకసారి ఆపితే మళ్లీ పైకి రానివ్వరు.

"అంటే గంగవ్వ?" అంది హారతి.

"గంగవ్వ గారి సంగతి అక్కడితో అయిపోయినట్టే. నేను అబద్ధం చెప్పను." అతని గొంతు కూడా అలిసిపోయి ఉంది. "మూడింటిలోగా చెప్పండి. ఆపమంటే ఆపిస్తాను. వద్దంటే ఆరింటికి వస్తుంది. ఆవిడను అడగండి. ఇది మీరూ నేనూ తేల్చే విషయం కాదు."

హారతి చున్నీ కప్పుకుని, మాస్కు తగిలించుకుంది. పరమేశ్వర్ ఆమె మొహం చూసి అంతా గ్రహించాడు. చెవిటివాళ్లు మొహాలు చూసినంతగా మనం చూడం.

"పో బిడ్డా. పోయి ఆమెకు చెప్పు. నేనెవ్వలకూ చెప్పను. నేనీడ్నే కూసుంట."

రాజలింగం కాపురం కార్ఖానా వెనక, సేఠ్ ఇచ్చిన గదిలో. పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ హారతి దేవుళ్లందరినీ ఒకే కోరిక కోరింది. రాజలింగం ఇంట్లో ఉండకూడదు.

ఉన్నాడు. కిటికీ ఊచలకు అద్దం తగిలించుకుని, తలుపువైపు వీపు పెట్టి, మూతినిండా నురగతో గడ్డం గీసుకుంటున్నాడు. విజయరాణి నేలమీద కూర్చుని పుంటికూర ఆకు తుంపుతోంది. నలభై ఐదేళ్ల మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కండెలు చుట్టే పనికి పోయి పోయి వేళ్ల చివర్లు నున్నగా అరిగాయి.

"ఏం బిడ్డా, గింత ఎండల?"

"అమ్మ పుంటికూర ఉన్నదేమో అడగుమన్నది చిన్నమ్మా."

అని పైకి అని, హారతి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని మాస్కు కిందికి లాగింది. రాజలింగం వీపు ఇటే ఉంది. కత్తి గరగరమంటోంది. హారతి గొంతు లేకుండా, తండ్రితో మాట్లాడినట్టే, పెదాలు విడమర్చింది.

*రాములు పెద్దనాయన నీ పేరు అన్నడు. శబ్దం తీసిన్రు. పెదాలు కనబడుతున్నయ్. ఆరింటికి అందరు సూస్తరు. ఆపుమంటవా చిన్నమ్మా? ఆపితే గంగవ్వకు ఏం మిగలదు.*

విజయరాణి వేళ్లు ఆకుమీద ఆగిపోయాయి. ఆమె కూడా పెదాలు కదిలించింది, గబగబా, నాలుగైదు మాటలు. హారతికి ఒక్కటీ అందలేదు. చెప్పడం వచ్చుగాని చదవడం రాదు ఆ పిల్లకు. మళ్లీ చెప్పమని చేత్తో సైగ చేసింది.

"గంత తిప్పలెందుకే?" అన్నాడు రాజలింగం, వెనక్కి తిరగకుండానే. "గొంతు పెట్టి మాట్లాడుకోండ్రి. అద్దంల అన్నీ కనబడుతనే ఉన్నయ్."

ఒకే రోజు, ఒకే తప్పు, రెండుసార్లు! హారతికి భూమి విచ్చుకుని తనను మింగితే బాగుండుననిపించింది. మాస్కు మళ్లీ మూతిమీదికి లాక్కుంది, ఇప్పుడు లాక్కుని ఏం లాభమో ఆమెకే తెలియాలి.

రాజలింగం తిరిగాడు. సగం మొహం నున్నగా, సగం మొహం నురగతో ఉంది. కొడతాడనుకుని విజయరాణి లేచి నిలబడింది. వెనక్కి పోలేదు, ముందుకే అడుగువేసింది.

"ఔ. నేనే తీసిన," అంది. "కొడ్తవా? కొట్టు."

"నిన్నేమన్న అన్ననా నేను?"

"ఎందుకు అనవు? రెండొద్దులు నీ ఫోన్ మోగిందిరా అయ్యా! ‘రాజన్నా, నర్సింగం సచ్చిపోతున్నడే, జర తలుపు తీయవే’ అని వాళ్లు ఏడుస్తుంటే నువ్వు ఫోన్ దిండు కింద పెట్టి అన్నం తిన్నవ్. తాళంచెవి నీ లుంగీ మడతల ఉన్నది. నేను ఎదురుంగ కూసోని నీకు పులుసు పోసిన. నా పాపం గూడ తక్కువ గాదు. ఒక్కొద్దు ముందుగాల లేచినా ఆ పిలగాడు బతుకుతుండె."

చెప్పి ఆమె ఏడవలేదు. చేతిలోని పుంటికూర కాడను తుంపుతూనే ఉంది.

"సేఠ్ తీయొద్దన్నడు," అన్నాడు రాజలింగం. "బయట పోలీసోళ్లు తిరుగుతున్నరు, తీస్తే అందర్ని తీస్కపోతరన్నడు. నేనేం చెయ్యాలె? ఈ గది ఎవలిది? మనం తినే తిండి ఎవలిది?"

"ఆ తిండి నాకు పదిహేడు నెలల సంది అరుగుతలేదు." విజయరాణి హారతివైపు తిరిగింది. "ఆపకు బిడ్డా. మీ సారుకు చెప్పు. నా పేరు తెలిస్తే తెలియనియ్యి. గంగవ్వకు ఆయన మొకం గూడ సూపెట్టలే. ఆమెకు ఇదన్న మిగలాలె."

హారతికి దుఃఖం పొంగింది. ఇంత గుండె ఉన్న మనిషిని ఇన్నాళ్లూ పుంటికూర చిన్నమ్మగానే చూసింది కదా అని సిగ్గేసింది. అయినా ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంటోంది. రాజలింగం మొహంలో ఆశ్చర్యం లేదు. పెళ్లాం తనకు తెలియకుండా తాళం తీసిందని అప్పుడే తెలిసిన మొగుడు అలా ఉండడు.

"కాకా," అంది. "నీకీ సంగతి ఇప్పుడే తెలిసిందా?"

అతను మగ్గులో కత్తి ముంచి కడిగాడు. మళ్లీ కడిగాడు.

"నిన్నే అడుగుతున్న కాకా."

"పొద్దుగాల తొమ్మిదింటికి." కత్తివైపే చూస్తూ అన్నాడు. "సేఠ్ పిలిపిచ్చిండు. బయటి దేశంల ఆయన బావమరిది ఉన్నడు. ఆడ సినిమా ముందే వచ్చిందంట. ఆ ముక్క ఫోన్ల పంపిండు. సేఠ్ చిన్నప్పటిసంది సాంచాల మధ్యన తిరిగిన మనిషి. మనోళ్లు పెదాలు సదువుతరని ఆయనకెరుకే. తెలుగు రాదు గాబట్టి నన్ను పిలిచిండు. పక్కన కూసోబెట్టి చాయ్ తాపి, ‘రాజుభాయ్, యే క్యా నామ్ బోలా? పఢ్ కే బతా’ అన్నడు, ఆ పేరేందో సదివి చెప్పుమన్నడు."

బయట ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత పెట్టింది.

కెమెరాలు పెట్టి, లాయర్లతో చదివించి, నాలుగు దేశాల్లో ఆఫీసులున్న ఛానల్‌కు తట్టని సంగతి సేఠ్‌కు చాయ్ తాగేలోపు తట్టింది. మనుషులను పిండి పనిచేయించుకునేవాడికి వాళ్ల గురించి తెలిసినంతగా వాళ్లమీద జాలిపడేవాళ్లకు తెలియదు. రాసేటప్పుడు నాకే కడుపు మండుతోంది.

"నువ్వు సదివినవా?" అంది విజయరాణి.

"సదివిన. నీ పేరే ఉన్నది." అతను మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "నాలుగుసార్లు వేసి సూపెట్టిండు. నాలుగుసార్లూ నీ పేరే ఉన్నది. తాళం తీసినోళ్లు దొరికితే కోర్టు దాక పోనియ్యనన్నడు. ఆయన పక్కన ముగ్గురు కూసున్నరు. వాళ్లను నేనెన్నడు సూడలే."

"మరి ఏం చెప్పినవ్?"

"నీ పేరు చెప్పలే."

"మరి?"

"ఏదో ఒక పేరు చెప్పాలె గదనే! చెప్పకుంటే ఇంకోన్ని పిలిచి సదివిస్తడు. వాడు నీ పేరు చెప్తడు. చెప్పాలె. సేఠ్ నమ్మాలె." ఆరిపోయిన నురగ అతని చెంపమీద పెచ్చుకట్టింది. "సినిమావాళ్లను గల్లీలకు తీస్కొచ్చింది ఎవలు అని ఆయనకెరుక. గందుకే నమ్మిండు."

హారతికి అర్థమయ్యేలోపే విజయరాణికి అర్థమైంది. "ఓరి నీ చేతులిరగ!" అని తల బాదుకుంది.

"పరమేశ్వర్ అని చెప్పిన," అన్నాడు రాజలింగం. "మీ బాపు పేరు చెప్పిన బిడ్డా. ఆయనకు చెవులు వినపడయ్. ఏమడిగినా సమజ్ కాదు. నాలుగు కేకలేసి, ఇగ చెవిటోనితోని ఏముందని పోతరనుకున్న. నా పెండ్లాం పేరు ఎట్ల చెప్పాలె? నువ్వే చెప్పు, ఎట్ల చెప్పాలె?"

"మా ఇంటికి ఎప్పుడు పోతమన్నరు?" అంది హారతి ఫోను తీస్తూ.

"బువ్వలు తిన్నంక అన్నరు."

గోడగడియారంలో రెండు కావస్తోంది. అమ్మ ఆల్థాన్‌లో. తండ్రి ఒక్కడే, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉంటాడు. తలుపు తడితే వినపడదు. వెనకనుంచి ఎవరు వచ్చినా తెలియదు. పరుగెత్తినా నాలుగైదు నిమిషాలు. హారతి వీడియో కాల్ చేసింది. ఆయనతో ఫోన్‌లో మాట్లాడే దారి అదొక్కటే. ఆయన ఫోనుకు గంట పెట్టరు, తెర వెలిగితే చూసి ఎత్తుతాడు. మోగింది. మోగింది. మోగుతూనే ఉంది. విజయరాణి ఆమె భుజం మీదుగా వంగి చూస్తోంది.

ఎత్తాడు.

తెరలో పరమేశ్వర్ మొహం. ఫోను ఒళ్లో, కిందుగా పెట్టుకున్నట్టున్నాడు. గడ్డం, ముక్కు, పైన తిరుగుతున్న ఫ్యాను కనబడుతున్నాయి. చూపు ఫోనువైపు లేదు, ఎదుట ఎవరినో చూస్తున్నాడు. వెనక ఏదో సామాను పడిన చప్పుడైంది. ఎవరివో అడుగులు. ఆయన పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. నాలుగిళ్లకు వినపడే ఆ గొంతును లోపలే అదిమిపెట్టి, హారతికి బుద్ధి తెలిశాక ఇంట్లో మొదటిసారి ఆమె తండ్రి చప్పుడు లేకుండా మాట్లాడుతున్నాడు.

హారతి ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ఒక్క మాట అందలేదు. ఇన్నేళ్లూ తను మాట్లాడితే ఆయన చదివాడు, ఆయన మాట్లాడితే తను విన్నది. ఆయన నేర్చుకున్నదాన్ని తనెన్నడూ నేర్చుకోలేదు.

"చిన్నమ్మా! బాపు ఏమంటున్నడు? జర సదువు చిన్నమ్మా, నీ కాల్మొక్త, జల్ది సదువు!"

విజయరాణి ఫోను లాక్కుంది. సాంచాల చప్పుడులో ఇరవై ఏళ్లు మాటలు పట్టుకున్న కళ్లు అవి. ఒక్కొక్క మాటే పట్టుకుని, పైకి చెప్పసాగింది.

"‘బిడ్డా... ఇంటికి రాకు. ముగ్గురున్నరు. తాళం నేనే తీసిన్నని ఒప్పుకున్న... నాకేం గాదు. నువ్వు అమ్మను తీస్కొని ఊరికి పో. ఎవ్వలడిగినా...’"

ఆమె చదవడం ఆపింది. పరమేశ్వర్‌కు అన్నీ తెలుసు. సినిమా చూశాడు, తాళం ఎవరు తీశారో చదివాడు, తన పేరు ఎందుకు వచ్చిందో కూడా ఊహించే ఉంటాడు. అయినా కాదనలేదు. పక్కన రాజలింగం గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఎవ్వలడిగినా ఏంది చిన్నమ్మా? చెప్పు!"

"‘ఎవ్వలడిగినా విజయరాణి పేరు మాత్రం చెప్పకు.’"

అన్నాక గాని ఆమెకు తెలియలేదు ఏం చేసిందో. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. పరమేశ్వర్ ఒళ్లోని ఫోను ఆమె చదివిన ప్రతి మాటనూ అక్కడున్నవాళ్లకు వినిపిస్తూనే ఉంది. ఆయనొక్కడికే వినపడలేదు. ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, చప్పుడు లేకుండా, జాగ్రత్తగా, ఎవరికీ తెలియకూడదని.

తెరమీదికి ఒక చెయ్యి వచ్చింది. పరమేశ్వర్ మొహం పక్కకు పోయింది, పైకప్పు గిర్రున తిరిగింది, తర్వాత తెర నల్లబడింది. ఆ నలుపులోంచి ఒక మగ గొంతు, ఏమాత్రం తొందర లేకుండా, హిందీలో అడిగింది.

"విజయరాణి? కౌన్ హై యే విజయరాణి?"